బీరువాలో దొరికిన పిల్లవాడు

ఆవకాయ రోజుల్లో పాత గుడ్డకున్న విలువ పట్టుచీరకి కూడా ఉండదు. కడిగిన మామిడికాయల్ని తడి లేకుండా తుడవాలంటే, ఏళ్ల తరబడి ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుగుడ్డే కావాలి. అలాంటి గుడ్డ కోసమే మొన్న మే నెలలో మా ఇనప బీరువా అడుగు అర వెతికాను. కలరా ఉండల వాసన మధ్య, నా పాత వాయిల్ చీర మడతలో చేతికేదో గట్టిగా తగిలింది. తీసి చూద్దును కదా, వంకాయ రంగు ప్లాస్టిక్ పెట్టె! అరచేతి కన్నా కాస్త పెద్దది. మధ్యలో చిన్న అద్దం, అటూ ఇటూ మీటలు.

చెప్పొద్దూ, నా గుండె గతుక్కుమంది. అది ఎవరిదో, అక్కడికెలా వచ్చిందో నాకు తెలుసు. 2005లో నేనే పెట్టాను.

మా తమ్ముడు 2004 డిసెంబరులో అమెరికా నుంచి వస్తూ మేనల్లుడికి తెచ్చిన కానుక అది. గేమ్ బాయ్ అడ్వాన్స్ అంటారు. దానితో పాటు అగ్గిపెట్టె కన్నా చిన్నది, ఒక ఆట బిళ్ల. మా వాడికప్పుడు పదో తరగతి. మార్చిలో పరీక్షలు. ఆ చలికాలమంతా మా ఇంట్లో జరిగిన యుద్ధం ఏ చరిత్ర పుస్తకంలోకీ ఎక్కలేదు గాని, ఎక్కదగ్గదే! ఆఖరికి ఒక రాత్రి, "ఇంకొక్క పది నిమిషాలమ్మా, వీడు చచ్చిపోయి మళ్లీ పుట్టాడు, ఇప్పుడే అసలు కథ" అని వాడు బతిమాలుతుంటే, చేతిలోంచి లాక్కుని బీరువాలో పడేశాను. మర్నాడు అడిగితే, "పాలాయన కొడుక్కి ఇచ్చేశాను. ఇక దాని ఊసెత్తకు" అన్నాను. శుద్ధ అబద్ధం. వాడు మళ్లీ ఊసెత్తలేదు. నేనూ మర్చిపోయాను. సెల్లు మాత్రం తీసి విడిగా పెట్టాను. గృహిణి బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు ఆ మా వాడి కూతురు, ఏడేళ్లది, పూనా నుంచి వేసవి సెలవులకి వచ్చి, నా వెనకాలే తిరుగుతోంది. "నానమ్మా, ఇదేంటి?" అంది. "మీ నాన్న ఆటబొమ్మ" అన్నాను. అంతే. గోడగడియారంలోంచి రెండు పెన్సిల్ సెల్లు పీకి అందులో వేసేదాకా నన్ను వదల్లేదు. ఇరవై ఏళ్ల నిద్ర తరవాత అది లేస్తుందని నాకు నమ్మకం లేదు. "టింగ్" మంటూ లేచింది! మా వాడు ఆపిన చోట ఆట అలాగే ఉంది. ఎర్రబూట్లు, నిక్కరు, తల మీద కొమ్ముల్లాంటి రెండు జుట్టు మొనలు, ఇంతింత కళ్లు వేసుకుని ఒక పిల్లవాడు మా ఇద్దరి వంకా చూస్తున్నాడు.

ఆ రోజు మామిడికాయలు సాయంత్రం దాకా బుట్టలోనే ఉన్నాయి. మా వారు రెండుసార్లు వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు.

నా ఆట సంగతి చెబితే నవ్వుతారు. ఎడమ బొటనవేలి కింద కూడిక గుర్తులాంటి మీట నడవడానికి. కుడివైపు రెండు గుండ్రటి బొత్తాలు. ఒకటి గెంతడానికి, ఒకటి గుద్దడానికి. గెంతాల్సినప్పుడు గుద్దుతాను, గుద్దాల్సినప్పుడు గెంతుతాను. ఆ యంత్రానికి వెనకాల దీపం లేదు. వెలుతురు మనమే చూసుకోవాలి. అందుకని కిటికీ పక్కన పీట వేసుకుని, పొద్దు తిరిగినప్పుడల్లా పీట తిప్పుకుంటూ ఆడాను. ఆ పిల్లవాడు రోబో. బూట్లలోంచి మంటలు చిమ్ముతూ ఎగురుతాడు. వేలి కొసలోంచి వెలుగు బాణం వేస్తాడు. శత్రువులు చుట్టుముడితే పిరుదుల్లోంచి రెండు తుపాకీ గొట్టాలు బయటికొస్తాయి! నేను "రామ రామ" అనుకున్నాను. మా మనవరాలు పడీ పడీ నవ్వింది. వాడికి లక్ష గుర్రాల బలముందనీ, అరవై భాషలొచ్చనీ తరవాత చదివాను. అరవైలో తెలుగుందో లేదో ఎవరూ రాయలేదు.

నాలుగు రోజులు చచ్చి చచ్చి ఆడాక నాకు సందేహం వచ్చింది. ఇంతకీ వీడెవరు? ఎవరి కొడుకు? ఇరవై ఏళ్ల కింద లాక్కుని లోపల పడేసేముందు ఆ ప్రశ్న నేను అడగనేలేదు. ఇప్పుడు అడిగాను. దొరికినవన్నీ చదివాను. అలా తెలిసిన కథ ఇది.

వాడి దేశం జపాను. అక్కడ వాడి పేరు ఆటమ్. ఆటమ్ అంటే పరమాణువు. అమెరికా వాళ్లు ఆస్ట్రో బాయ్ అని పేరు మార్చారు. కన్న తండ్రి అనదగ్గవాడు ఒసాము తెజుకా. 1928 నవంబరు 3న ఒసాకా దగ్గర టొయొనాకాలో పుట్టి, తకరజుకా అనే ఊళ్లో పెరిగాడు. ఆ ఊరికొక వింత ఉంది. అక్కడి నాటక సమాజంలో అందరూ ఆడవాళ్లే. రాజకుమారుడి వేషం కూడా ఆడపిల్లే వేస్తుంది. మనకి స్థానం నరసింహారావుగారు మగవారై సత్యభామ వేసి మెప్పించారు కదా, అక్కడ తిరగేసి అన్నమాట! తెజుకాని వాళ్లమ్మ చిన్నప్పుడే చెయ్యి పట్టుకుని ఆ నాటకాలకి తీసుకెళ్లేది. ఇంట్లో బొమ్మల కథల పుస్తకాలు గొంతు మార్చి మార్చి చదివి వినిపించేది. ఆ బొమ్మల కథల్నే వాళ్లు మంగా అంటారు.

పిల్లవాడికి పురుగులంటే ప్రాణం. ఎంత ప్రాణమంటే, తన పేరు రాసే అక్షరాల్లో "పురుగు" అనే అక్షరాన్ని తనే చేర్చుకున్నాడు. మన పిల్లలు పేరు మార్చుకుంటే సినిమా హీరో పేరు తగిలించుకుంటారు గాని, పురుగుని తగిలించుకున్నవాణ్ణి నేను వినలేదు!

ఇంతలో యుద్ధం వచ్చింది. బడి పిల్లల్ని కర్మాగారాల్లో పనికి పెట్టారు. 1945 జూన్‌లో ఒసాకా మీద విమానాలు బాంబులు కురిపించినప్పుడు పదహారేళ్ల తెజుకా కావలి గోపురం మీద ఉన్నాడు. చుట్టూ ఊరు తగలబడిపోయింది. యొడో నది ఒడ్డున శవాల్ని చూశాడు. ఆగస్టులో యుద్ధం ముగిశాక, చాలా కాలానికి మళ్లీ దీపాలు వెలిగిన ఊరిని చూసి, తను బతికే ఉన్నానని అప్పుడు అర్థమైందని ఆ తరవాత చెప్పుకున్నాడు.

బతికాడు కనక వైద్యం చదువులో చేరాడు. చదువుతూనే బొమ్మలు. 1947లో అతని బొమ్మలతో వచ్చిన "కొత్త నిధి దీవి" 4 లక్షల ప్రతులు అమ్ముడైందని అంచనా వేస్తారు. అన్నట్టు, ఆ ఏడే జులైలో మన చందమామ కూడా మొదలైంది. యుద్ధం చూసిన ఆ పిల్లలకి అక్కడా కథలు కావలసొచ్చాయి, ఇక్కడా కావలసొచ్చాయి.

ఇప్పుడు అసలు మాట. ఒకవైపు వైద్యం, ఒకవైపు బొమ్మలు. రెండు పడవల మీద కాళ్లు. ఒకనాడు తల్లిని అడిగాడట, "ఏది చెయ్యమంటావు?" అని. ఆ రోజుల్లో బొమ్మల కథలు గీసేవాడికి పరువూ లేదు, జీతమూ లేదు. డాక్టరుకి రెండూ ఉన్నాయి. ఆ తల్లి, "నీకు ఏది ఇష్టం?" అని అడిగిందట. "మంగా" అన్నాడట. "అయితే అదే చెయ్యి" అందట.

ఈ ముక్క చదివి నేను పుస్తకం పక్కన పెట్టేశాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

సరే, కథలోకి వద్దాం. అతను వైద్యం మానలేదు. 1951లో చదువు పూర్తి చేశాడు. 1961లో డాక్టరేటు కూడా పుచ్చుకున్నాడు. కాని జీవితమంతా బొమ్మలే గీశాడు. 1951 ఏప్రిల్‌లో "షోనెన్" అనే పిల్లల మాసపత్రికలో "రాయబారి ఆటమ్" అని ఒక కథ మొదలెట్టాడు. అందులో ఆటమ్ పక్కవేషమే. ఈ రోబో పిల్లవాడికి మనుషుల్లాగా ఏడుపూ నవ్వూ ఇచ్చి వాణ్ణే కథానాయకుణ్ణి చెయ్యమని సంపాదకుడు సలహా ఇచ్చాడు. 1952 ఏప్రిల్ నుంచి అలాగే వచ్చింది. ఆ నెలాఖరునే జపాను మీద విదేశీ సైన్యాల ఏలుబడి ముగిసింది. హిరోషిమా మీద అణుబాంబు పడి అప్పటికి ఏడేళ్లు నిండలేదు. ఆ దేశంలో పిల్లల కథానాయకుడికి పరమాణువని పేరు! వాడి గుండెలో అణుశక్తి. వాడి చెల్లెలి పేరు ఉరాన్, అంటే యురేనియం. ఊళ్లని బూడిద చేసిన ఆ శక్తే ఒక పసివాడి ఒంట్లో ఉంటే, దాన్ని వాడేం చేస్తాడు? మంచి చేస్తాడా, చెడు చేస్తాడా? కథంతా ఆ ప్రశ్న మీదే నడిచింది, 1968 దాకా.

ఇక వాడి పుట్టుక వినండి. డాక్టర్ తెన్మా గొప్ప శాస్త్రవేత్త. ఒక్కగానొక్క కొడుకు తొబియో కారు ప్రమాదంలో పోయాడు. ఆ దుఃఖంలో, అచ్చం కొడుకులాగే ఒక రోబోని తయారుచేశాడు. ఒళ్లో కూచోపెట్టుకున్నాడు, ముద్దు చేశాడు. కొన్నాళ్లకి గమనించాడు, వీడు ఎదగటం లేదని! ఎన్ని నెలలు పోయినా అంతే ఎత్తు. "నువ్వు నా కొడుకువి కాదు" అని కోపం పట్టలేక, వాణ్ణి రోబోల సర్కస్‌కి అమ్మేశాడు. అక్కడ తోటి రోబోలతో కొట్లాడటమే వాడి బతుకు. చివరికి ఒచనోమిజు అనే బోండా ముక్కు ప్రొఫెసరు వాణ్ణి చేరదీశాడు. బడిలో వేశాడు. అమ్మా నాన్నా లేరని వాడు దిగులుపడితే, ఇద్దరు రోబోల్ని అమ్మానాన్నలుగా చేసి ఇచ్చాడు. కొడుకు పుట్టాక తల్లిదండ్రులు పుట్టిన ఇల్లు లోకంలో అదొక్కటే కాబోలు!

మొదట చదివినప్పుడు నాకు తెన్మా మీద ఒళ్లు మండింది. కాసేపటికి ఆ మంట నా వైపే తిరిగింది. నా కొడుకు "ఎదగటం లేదని" నేను మాత్రం ఏం చేశాను? పదో తరగతిలో వచ్చిన మార్కులు మాకు చాలలేదు. 2005 జూన్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో పడేశాం. తెల్లారకుండా లేపేవారు, రాత్రి పదింటి దాకా చదివించేవారు. ఆదివారం పరీక్ష. నెలకోసారి మాకు దర్శనం. రెండేళ్ల తరవాత ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. మేం స్వీట్లు పంచాం. కాని ఇంటి నుంచి వెళ్లినప్పుడు లొడలొడా వాగే పిల్లవాడు, తిరిగొచ్చినప్పుడు అడిగిన దానికి మాత్రమే జవాబు చెప్పేవాడు. "పెద్దవాడయ్యాడు, నెమ్మది వచ్చింది" అని చుట్టాలతో గొప్పగా చెప్పుకున్నాను. సర్కస్ అనే మాట అప్పుడు తోచలేదు.

నేనొక్కదాన్నే ఇలాంటి తల్లిని కానులెండి. జపానులోనూ ఉన్నారు. 1955 ప్రాంతంలో అక్కడ "చెడ్డ పుస్తకాల్ని తరిమేద్దాం" అని పెద్ద ఉద్యమం లేచింది. నడిపినవాళ్లలో తల్లుల సంఘాలూ, బడి తల్లిదండ్రుల సంఘాలూ ముందున్నాయి. బొమ్మల కథలు చదివితే పిల్లలు చెడిపోతారన్నారు. పోగుచేసి కొన్నిచోట్ల తగలబెట్టారు కూడా. తెజుకా పుస్తకాల మీదా విమర్శలు పడ్డాయి. ఆ తల్లుల్ని నేను తప్పు పట్టలేను. పిల్లవాడి ముఖానికీ మన ముఖానికీ మధ్య ఒక పుస్తకమో పెట్టెనో అడ్డొస్తే, అందులో ఏముందో చూసే ఓపిక ఏ తల్లికి ఉంటుంది? ముందు లాక్కుంటాం.

అయితే ఆటమ్ ఆగలేదు. 1963 జనవరి 1న టెలివిజన్లోకి వచ్చాడు. వారం వారం అరగంట బొమ్మల సినిమా జపానులో అదే మొదటిది. బొమ్మ నిజంగా కదిలినట్టుండాలంటే సెకనుకి 24 బొమ్మలు కావాలి. అంత డబ్బూ, అంతమంది మనుషులూ తెజుకా స్టూడియోలో లేరు. అందుకని ఒక్కో బొమ్మనే మూడుసార్లు ఫొటో తీశారు. మాట్లాడేటప్పుడు ముఖమంతా గియ్యకుండా నోరొక్కటే కదిపారు. ఉన్న పప్పులో నీళ్లు పోసి పదిమందికి వడ్డించే ఇల్లాలి నేర్పు అది. నీళ్లెక్కువైనా ఎవరికీ తెలియలేదు, కథలో ఉప్పూ కారం సరిపోయాయి కనక. 1964 నాటికి చూసేవాళ్లు నూటికి నలభై మంది దాటారు. చాక్లెట్ డబ్బాల్లో ఆటమ్ బొమ్మ స్టిక్కర్లు పెడితే, దేశంలో తలుపులూ, బల్లలూ, బీరువాలూ ఆటమ్‌తో నిండిపోయాయి. 193 భాగాలు నడిచి 1966 డిసెంబరు 31న ముగిసింది. ఆఖరి భాగంలో ఆటమ్ భూమిని కాపాడటానికి సూర్యుడిలోకి దూసుకుపోతాడు. రేపు కొత్త సంవత్సరమనగా ఆ రాత్రి ఎన్ని ఇళ్లల్లో పిల్లలు అన్నం తినకుండా పడుకున్నారో!

తెజుకా విశ్రాంతి ఎరగని మనిషి. సుమారు 700 కథలు, లక్షా యాభైవేల పుటలు గీశాడు. మన బుద్ధుడి కథ కూడా గీశాడు, 1972 నుంచి 1983 దాకా. 1989 ఫిబ్రవరి 9న కడుపులో క్యాన్సరుతో పోయాడు. అరవై ఏళ్లు. ఆసుపత్రి మంచం మీద కూడా తనని పని చేసుకోనివ్వమని వేడుకున్నాడట.

కథలో ఆటమ్ పుట్టినరోజు 2003 ఏప్రిల్ 7. 1950లలో అది ఎప్పుడో రాబోయే కాలం. తీరా ఆ రోజు వచ్చేసరికి సృష్టికర్త లేడు, కాని దేశం పండగ చేసుకుంది. నీజా అనే ఊరు ఆటమ్‌ని తమ పౌరుడిగా నమోదు చేసుకుంది. టోక్యోలో తకదనొబాబా అనే రైల్వే స్టేషన్లో రైలు కదిలే ముందు ఆటమ్ పాట మోగేలా చేశారు. కథలో వాడు పుట్టింది అక్కడే మరి. కొత్త టెలివిజన్ కథ మొదలైంది. ఆ ఏడు డిసెంబరులోనే, సేగా కంపెనీ తరఫున ట్రెజర్, హిట్‌మేకర్ అనే రెండు బృందాలు కలిసి చేసిన ఆట ఒకటి వచ్చింది. 2004లో అమెరికా చేరింది. దాని పేరు "ఆస్ట్రో బాయ్ – ఒమెగా ఫ్యాక్టర్". మా బీరువాలో ఉన్నది అదే.

ఒమెగా ఫ్యాక్టర్ అంటే ఏదో రాకెట్టు ఇంధనం అనుకున్నాను. కాదు. మనసు. రోబోని రోబోగా ఉండనివ్వకుండా మనిషిని చేసే ఆ గుణానికి ఆ ఆటలో పెట్టిన పేరది. అందులో ఒక పుట ఉంది. దాని నిండా గుండ్రటి గళ్లు. ఆటమ్ ఎవరినైనా కలిసి, వాళ్లనుంచి ఏదైనా తెలుసుకుంటే, వాళ్ల ముఖం ఒక గడిలోకి వస్తుంది. అప్పుడు వాడికొక బలం పెరుగుతుంది. ప్రాణమో, గుద్దో, వెలుగు బాణమో, ఎగిరే శక్తో, ఏది పెంచాలో మన ఇష్టం. ఎంతమందిని కొట్టావని లెక్కలేదు. ఎంతమందిని ఎరిగావన్నదే లెక్క.

తెజుకాకి తన పాత్రల్ని సినిమా నటుల్లా వాడుకునే అలవాటుండేది. మన ఎస్వీ రంగారావు ఒక సినిమాలో మంచి తండ్రీ, ఇంకో సినిమాలో మాంత్రికుడూ అయినట్టు, ఒకే ముఖం ఒక్కో కథలో ఒక్కో వేషం వేస్తుంది. ఆట చేసినవాళ్లు ఆ పద్ధతే పట్టుకుని, ఇతర కథల వాళ్లని కూడా ఇందులోకి పిలిచారు. పట్టా లేని సర్జను బ్లాక్ జాక్ వచ్చాడు. మూడు కళ్ల పిల్లవాడు షరకు వచ్చాడు. బూడిదలోంచి లేచే ఫీనిక్స్ పక్షి వచ్చింది. తండ్రి పోయాక పిల్లలందరూ ఒక ఇంట్లో చేరినట్టుంది నాకు.

మా వాడి పుట తెరిచి చూశాను. సగానికి పైగా ముఖాలు నిండాయి. ఇంకా ఖాళీలున్నాయి. వచ్చిన బలాల్లో ఎక్కువ భాగం ఎగరడానికే పోశాడు! పధ్నాలుగేళ్ల పిల్లవాడు, మార్చిలో పరీక్షలు, పక్క గదిలో నేను. ఎగిరిపోదామని చూశాడన్నమాట.

మా మనవరాలు "గుద్దు పెంచు నానమ్మా" అంటుంది. నేను "ముందు ప్రాణం పెంచు తల్లీ" అంటాను. ఇద్దరం రోజుకి నాలుగు పోట్లాటలు.

ఆట రెండు భాగాలు. మొదటిది "పుట్టుక". దాని చివర్లో భూమ్మీద రోబోలందరితో పాటు ఆటమ్ కూడా ఆగిపోతాడు. ఎంత బాగా ఆడినా అంతే. మనం ఓడిపోవాల్సిందే. అప్పుడు ఫీనిక్స్ వచ్చి వాణ్ణి బతికించి, కాలంలో వెనక్కి పంపిస్తుంది. రెండో భాగం "పునర్జన్మ". ఇక్కడ ఏ రోజుకి కావాలంటే ఆ రోజుకి వెళ్లొచ్చు. అవే వీధులు, అవే యుద్ధాలు. కాని ఇంతకు ముందు పట్టించుకోకుండా దాటేసిన మనుషుల్ని ఈసారి ఆగి కలవాలి. ఎవరి దగ్గర ఏ మాట మిగిలిపోయిందో వెతికి వినాలి. అలా వింటే తప్ప జరగబోయేది మారదు.

"వీడు చచ్చిపోయి మళ్లీ పుట్టాడు, ఇప్పుడే అసలు కథ." మా వాడు ఆ రాత్రి నాతో అన్నది ఇదన్నమాట. సరిగ్గా అక్కడ లాక్కున్నాను.

మే నెలాఖరున వాడు కూతుర్ని తీసుకెళ్లడానికి పూనా నుంచి వచ్చాడు. నేను దాచలేదు. అన్నం పెట్టే ముందు ఆ పెట్టె తెచ్చి కంచం పక్కన పెట్టాను. "ఎవరికీ ఇవ్వలేదురా. అబద్ధం చెప్పాను" అన్నాను.

వాడు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కోప్పడతాడనుకున్నాను. నవ్వుతాడేమోనని కూడా అనుకున్నాను. చాలాసేపటికి, "అమ్మా, నేను పాలబ్బాయి దగ్గరికి వెళ్లాను" అన్నాడు.

"ఎప్పుడు?"

"అప్పుడే. రెండు మూడుసార్లు. కాసేపు ఇవ్వు, ఆడుకుని ఇచ్చేస్తానన్నాను. నా దగ్గర లేదన్నాడు. ఒట్టేశాడు. నేను నమ్మలేదు. అందరి ముందూ దొంగ అన్నాను. వాళ్ల నాన్న అక్కడికక్కడే వాణ్ణి కొట్టాడు. ఆ తరవాత వాడు మన ఇంటికి పాలు తేవడం మానేశాడు, గుర్తుందా?"

గుర్తుంది. పాలాయన ఒక్కడే వస్తుంటే, "కొడుకేడోయ్?" అని ఒకటి రెండుసార్లు అడిగాను కూడా. ఆయన ఏమీ చెప్పలేదు. నేనూ మళ్లీ అడగలేదు. నా నోటిలోంచి వచ్చిన ఒక్క అబద్ధం మా గుమ్మం దాటి వెళ్లి, ఏ పాపమూ ఎరగని పిల్లవాడి వీపు మీద పడింది. నాకు ఇరవై ఏళ్ల తరవాత తెలిసింది.

భోజనాలయ్యాక మా వాడు కిటికీ దగ్గర నా పీట మీదే కూచున్నాడు. వాడి పక్కన కూతురు. "ఇక్కడ గెంతకూడదు నాన్నా, నాకు తెలుసు" అని అది చెబుతుంటే, వాడు బుద్ధిగా తల ఊపాడు. సాయంత్రానికి ఖాళీ గళ్లలో మూడు ముఖాలు నింపారు. పోయేటప్పుడు పెట్టెని బట్టల్లో సర్దుకోబోయి, మళ్లీ తీసి నా చేతికిచ్చాడు. "నీ దగ్గరే ఉంచమ్మా. దసరాకి వస్తాంగా, అప్పుడు చూస్తాం ఎంతవరకు తెచ్చావో" అన్నాడు.

ఆ పాలబ్బాయి ఇప్పుడు అబ్బాయి కాదు. మా వీధి చివర పాల బూత్ వాడిదే. ఇద్దరు పిల్లలు. పాల ప్యాకెట్ల కోసం నేను మా పనమ్మాయిని పంపిస్తాను గనక, ఆ ముఖాన్ని దగ్గరగా చూసి ఎన్నేళ్లయిందో! మొన్న ఆదివారం పొద్దున్నే ఒక చిన్న జాడీలో కొత్తావకాయ తీసుకుని నేనే వెళ్లాను. నలుగురూ వెళ్లిపోయేదాకా పక్కన నించున్నాను.

"అమ్మగారూ, మీరొచ్చారేంటి?" అన్నాడు కంగారుగా.

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయాను. "నాయనా, ఆ ఆట పెట్టె మా ఇంట్లోనే ఉంది. నీకు ఇచ్చానని మా వాడికి అబద్ధం చెప్పాను. నీ తప్పేం లేదు" అన్నాను ఎలాగో.

మర్చిపోయి ఉంటాడనీ, "ఏ పెట్టెండీ?" అంటాడనీ నాలో ఎక్కడో ఆశ ఉంది. వాడు మర్చిపోలేదు. చేతిలో ప్యాకెట్టు కింద పెట్టి, కాసేపు నా ముఖం వంకే చూశాడు.

"మా నాన్న పోయి మూడేళ్లయిందమ్మగారూ. ఆయనకి తెలిస్తే బాగుండేది" అన్నాడు.

ఇంకేమనగలను? జాడీ అందించాను. రెండు చేతులతో పుచ్చుకుని లోపల పెట్టాడు. నేను తిరిగి రెండడుగులు వేశానో లేదో వెనకనించి పిలిచాడు.

"అమ్మగారూ, ఆ పెట్టె ఇప్పుడు పనిచేస్తోందా?"

"చేస్తోంది."

"మా చిన్నోడు ఒక్కసారి చూస్తానంటే తీసుకురావచ్చా?"

ఈ ఆదివారం వస్తామన్నాడు. సెల్లు కొత్తవి తెప్పించి ఉంచాను. కిటికీ దగ్గర రెండో పీట కూడా వేశాను.